పంజాగుట్టకు పోయిన పండ్ల గంప

అమీర్‌పేటలో మా తాత కట్టించిన ఇంటికి ముందరి భాగం తక్కువ, వెనక భాగం ఎక్కువ. ముందు రెండు రాతి స్తంభాల వసారా, ఒక హాలు, నాలుగు గదులు. వెనక బావి దాటి వాగు ఒడ్డు దాకా తోట. జామ, సీతాఫలం, దానిమ్మ, బొప్పాయి, పంపర పనస, గోడ వారన అంజీరు, చివరన మామిడి చెట్లు, వాటి వెనక ఒక పెద్ద చింత. ఆ రోజుల్లో ఖైరతాబాదు నుంచి జట్కాలో వస్తే సోమాజిగూడ బంగళాలు అయిపోయాక పంజాగుట్ట బండలు, ఆ బండలు దాటాక మా వైపు తోటల గోడలు. గోడలే కనిపించేవి, ఇళ్ళు కనిపించేవి కావు.

మా ఇంట్లో పండు అమ్మరు. ఇది తాత పెట్టిన నియమం కాదు, తాతకు ముందు నుంచీ ఉన్నదే. పండు అమ్మేవాళ్ళు వేరు, పండు పంపేవాళ్ళు వేరు. మేము పంపేవాళ్ళం. తాత ఉన్నప్పుడు సీతాఫలాల కాలంలో రోజూ బండి కట్టేవారట. చుట్టాల ఇళ్ళకు, నవాబుల దేవిడీలకు, తాతకు తెలిసిన పెద్ద ఉద్యోగుల ఇళ్ళకు గంపలు పోయేవి. తాత పోయాడు. మా కింద ఉండిన ఊరి మీద హక్కు కోర్టులో పోయింది. తర్వాత నాన్న పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. పంపడానికి బండి లేదు. పంపినా ఆ ఇళ్ళల్లో మా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు లేరు. అయినా అమ్మలేదు. కాబట్టి పండ్లు రాలేవి.

రాలిన పండ్ల మీద నాకు చాలా ఆసక్తి ఉండేది. ఒక జామపండు రాలిన తర్వాత దాన్ని ముందు ఎవరు చూస్తారు, ఎర్రచీమలా నల్లచీమలా, అవి రెండూ ఒకే పండు మీదికి వస్తే ఏం జరుగుతుంది, గబ్బిలం సగం తిని వదిలిన పండును ఉడుత ఎందుకు ముట్టదు, ఇటువంటివి గంటల తరబడి చూసేదాన్ని. అప్పటికి నాకు ఇరవై దాటాయి. పెళ్ళి మాటలు వచ్చినట్టే వచ్చి ఆగిపోయాయి. ఇంట్లో మిగిలింది నాయనమ్మ, నేను. చెయ్యడానికి పని లేదు. చూడడానికి తోట ఉంది.

జర్మనీ లడాయి జరుగుతున్న రోజులవి. ఊరి నుంచి మాకు ఇంకా వస్తూ ఉండిన కొద్దిపాటి జొన్నల బండి కూడా ఆ ఏడు రావడం మానేసింది. సర్కారు లెవీకి పోయిందని ఒకసారి, ఎడ్లు లేవని ఒకసారి కబురు వచ్చింది. తర్వాత కబురు కూడా రాలేదు. మేము పేదవాళ్ళమయ్యామని నేను ఇప్పుడు కూడా రాయను. మా ఇంట్లో గింజలు లేవు, అంతే.

నాయనమ్మ దీనికి తనదైన ఏర్పాటు చేసింది. ఒక్కపొద్దులు పెంచింది. సోమవారం శివుడికి, శనివారం వెంకటేశ్వరుడికి ఎలాగూ ఉండేది. గురువారం చేరింది. మంగళ, శుక్రవారాలు అమ్మవారివి అన్నది. కొన్నాళ్ళకు ఆదివారం సూర్యుడిది అయింది. ఒక్కపొద్దు రోజున పండు తప్ప మరేదీ తినకూడదు. బుధవారానికి ఎందుకో ఏ దేవుడూ దొరకలేదు. ఆ రోజు కుండ అడుగున మిగిలిన గింజలతో జొన్నరొట్టె చేసేదాన్ని. మిగిలిన రోజుల్లో జామపండు, సీతాఫలం, పచ్చి బొప్పాయి ఉడికించిన కూర. నాయనమ్మ ముందు ఆకలి అన్న మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

అలాంటి రోజుల్లో మా ఇంటికి పంతులమ్మ వచ్చింది.

ఆమె క్రైస్తవురాలు. పంజాగుట్ట దగ్గర చిన్నపిల్లల బడి నడిపేది. తెల్లచీర, నల్లగొడుగు, చెప్పులకు ఎప్పుడూ ఎర్రమట్టి. వసారా మెట్టు కింద నిలబడి దణ్ణం పెట్టింది. ఆమె చెప్పింది ఇది. పంజాగుట్ట బండల కింద ఎవరో నవాబు గుర్రాల కోసం కట్టించి వదిలేసిన శాల ఉంది. నూలు దొరకక మగ్గాలు ఆగిపోయిన సాలె కుటుంబాలు నల్లగొండ వైపు నుంచి వచ్చి అందులో దిగాయి. ఒక గుత్తేదారు వాళ్ళ చేత పల్టన్ సిపాయిల ఖాకీ చొక్కాలు కుట్టిస్తున్నాడు. కూలి కింద జొన్నలు కొలుస్తున్నాడు. జొన్నలు తప్ప వాళ్ళకు మరేదీ దొరకడం లేదు. పిల్లల నోళ్ళు పుండ్లు పడుతున్నాయి.

"డాక్టరు సాబు చూసిండు, దొరసానీ. పండ్లు తినిపియ్యుండ్రి, తగ్గుతదన్నడు," అన్నది. "ఈ గోడల ఎనక ఎన్ని పండ్లు రాలుతున్నయో నేను రోజు వాసన చూసుకుంట పోతున్న. అందుకే ఇల్లిల్లు తిరిగి అడుగుతున్న."

నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ వెనక్కి ఆనుకోదు.

"మీ దేవునికా?"

"దేవునికి మా పంటల పండుగప్పుడు మేమే తీసుకపోతం, దొరసానీ. ఇది పోరగాండ్లకు."

"రాలినయి కావాల్నా?"

"రాలినయైనా మంచిదే."

"మా ఇంట్లకెల్లి రాలిన పండు బయటికి పోదు," అన్నది నాయనమ్మ. పంతులమ్మ ముఖం చిన్నబోయింది. నాయనమ్మ కొంచెం ఆగి, "తెంపిన పండు పోతది," అన్నది.

నాయనమ్మ షరతులు చెప్పింది. పండ్లు మేమే తెంపుతాం. చిలక కొట్టినది, పురుగు పట్టినది, మెత్తబడినది గంపలో పడదు. గంప మాది, మీద కప్పే గుడ్డ మాది. వారానికి ఒకసారి ఆడమనిషి వచ్చి తీసుకుపోవాలి. గంప తిరిగి రావాలి. పంతులమ్మ అన్నిటికీ తల ఊపింది. ఆమె పోయాక నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళి, అటక మీది పెద్ద గంప దింపించి, తానే నీళ్ళు చల్లి కడిగింది. ఆమె ముఖంలో అంత తేట నేను చాలా రోజులుగా చూడలేదు. అప్పుడు అర్థమైంది, ఆమెకు లేనిది జొన్నలు మాత్రమే కాదని. పంపడానికి ఒక ఇల్లు లేకపోవడం ఆమెను అంతకంటే ఎక్కువగా తింటున్నది.

తెంపడం నేను నేర్చుకున్నాను. దోటి కర్ర చివరి కొక్కేన్ని తొడిమకు తగిలించి ఒక్క మెలిక తిప్పాలి. లాగితే కొమ్మ చీలుతుంది. సీతాఫలం కాయగా ఉన్నప్పుడు దాని కళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కళ్ళ మధ్య గీతలు తెల్లబడి విచ్చుకున్నాయంటే తెంపవచ్చు. తెంపాక గడ్డిలో పెడితే మెత్తబడుతుంది. కానీ ఒకే రోజు, ఒకే కొమ్మ నుంచి తెంపి, ఒకే గడ్డిలో పెట్టిన కాయల్లో ఒకటి రేపు పండుతుంది, ఇంకొకటి నాలుగు రోజులైనా రాయిలా ఉంటుంది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

నాయనమ్మ బావి గట్టు మీద కూర్చుని ఒక్కొక్క పండును తిప్పి చూసి వేరు చేసేది. మంచివి గంపలోకి. చిలక ముక్కు తగిలినవి, మచ్చ ఉన్నవి ఒక పళ్ళెంలోకి. పళ్ళెంలోవి మాకు. చిలక కొట్టిన జామపండే తియ్యగా ఉంటుందని అందరూ అంటారు. నిజమే. చిలకకు పండు సంగతి మనకంటే బాగా తెలుసు. కానీ వారంలో ఆరు రోజులు అవే తింటే ఆ తీపి వేరేగా ఉంటుంది.

మొదటి వారం శాల నుంచి ఒక యువతి వచ్చింది. అక్కడి పెద్ద అవ్వకు కోడలు. గంప నెత్తిన పెట్టుకుని పోయింది. మరునాడు గంప తిరిగి వచ్చింది. గుడ్డ మడిచి ఉంది. గుడ్డ కింద నాలుగు జొన్న గింజలు.

నాయనమ్మ వాటిని అరచేతిలో వేసుకుని చూసింది. "గిన్నెగాని గంపగాని ఒట్టిగ తిప్పి పంపొద్దని వాళ్ళకు ఎరుకనే," అన్నది. "సాలోళ్ళు మర్యాద తెలిసినోళ్ళు."

రెండోసారి గుప్పెడు వచ్చాయి. నాయనమ్మ వాటిని కుండలో వేయించింది. మూడోసారి దోసెడు. నాలుగోసారి గుడ్డలో మూటకట్టి ఉన్నాయి, నేను రెండు చేతులతో ఎత్తవలసి వచ్చింది. నాయనమ్మ మూట విప్పలేదు. వసారాలో అలాగే ఉంచింది.

"నాలుగు గింజలు మర్యాద," అన్నది. "ఇది మర్యాద కాదు. ఇది పెట్టుడు."

అదే నాకు వింతగా తోచింది. నాలుగు గింజలకు, మూటకు మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. ఆ గీతకు ఇటు ఉన్నంతసేపు అది మర్యాద, అటు పోతే భిక్ష. ఆ గీత సరిగ్గా ఎక్కడుంది? గుప్పెడు దాకా ఆమె ఒప్పుకుంది. దోసెడుకు కనుబొమలు ముడిపడ్డాయి. అంటే గుప్పెడుకూ దోసెడుకూ మధ్యన అన్నమాట. ఆ రోజంతా దీని గురించే ఆలోచించాను.

ఆ మరునాడు బావి గట్టు మీద జామపండ్లు వేరు చేస్తూ నాయనమ్మ పక్కకు ఒరిగిపోయింది. నేను పట్టుకోకపోతే బావిలో పడేది. చేతులు చల్లగా ఉన్నాయి. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, "ఎండ," అన్నది. ఎండ లేదు. ఆకాశం మబ్బుగా ఉంది.

అప్పటి నుంచి నాకు ఒకటే పని. ఈమె చేత జొన్నలు తినిపించాలి. వసారాలో మూట ఉంది. కానీ అది ఎవరో జాలితో పెట్టిన తిండి అని ఆమెకు అనిపిస్తే ఒక్క గింజ ముట్టదు. ముట్టకుండా పోవడానికైనా సిద్ధపడుతుంది. ఆమెను నేను ఎరుగుదును. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఆమె మాత్రం వేరే ఆజ్ఞ ఇచ్చింది. "నువ్వే పోయి చెప్పిరా. నాలుగు గింజలు సాలు, ఎక్కువొద్దని చెప్పు. ఆ మూట సుత తీసుకపో."

మూట తీసుకుపోలేదు. మోయలేనన్నాను. పంతులమ్మతో కలిసి నడిచి పంజాగుట్టకు పోయాను. రోడ్డు మీద కాలినడకన పోవడం నాకు అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖం దాకా లాక్కున్నాను, కానీ చూడవలసినవి అన్నీ చూశాను.

శాలలో గుర్రాలను కట్టే ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం ఉంది. గుర్రాల తొట్లలో పిల్లలు పడుకున్నారు. విప్పేసిన మగ్గాల కర్రలను గోడకు గోడకు మధ్య అడ్డంగా వేసి వాటి మీద ఖాకీ చొక్కాలు ఆరవేసినట్టు వేలాడదీశారు. మగవాళ్ళు మిషన్ల మీద, ఆడవాళ్ళు నేల మీద. ఆడవాళ్ళ పని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం. ఒక మూల మా సీతాఫలాల గింజలు ఎండబెట్టి ఉన్నాయి. ఎందుకని పంతులమ్మను అడిగాను. నూరి తలకు పట్టిస్తే పేలు చస్తాయట, కంట్లో పడితే మాత్రం కన్ను పోతుందట. దానిమ్మ తొక్కలు వేరే కుప్ప. అవి రంగుకు. నూలు లేదు కదా, రంగు దేనికి అని నేను అడగబోయి ఆగాను.

అవ్వ తలుపు లేని గుమ్మంలో కూర్చుని కాజా కుడుతున్నది. నన్ను చూసి లేవలేదు.

"ఎవల బిడ్డవే?"

"పండ్లు పంపే ఇంటి చిన్నదొరసాని, అవ్వా," అన్నది పంతులమ్మ.

"అట్లనా. కూసో బిడ్డా. అక్కడ నిలవడితె ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్."

మా ఇంటి వాళ్ళు తప్ప నన్ను ఎవరూ బిడ్డా అని పిలిచి ఎరుగరు. కూర్చోలేదు. పక్కకు మాత్రం జరిగాను.

"మా నాయనమ్మ చెప్పి రమ్మన్నది," అన్నాను. "గంపల నాలుగు గింజలేస్తే సాలు. ఎక్కువ ఎయ్యొద్దన్నది."

"నాలుగు గింజలు పిచ్చుకలకేస్తరు. దొరసాని పిచ్చుకనా?"

పక్కన కూర్చున్న కోడలు తల ఇంకా కిందికి వంచింది. నాకు ఒళ్ళు మండింది.

"మా ఇంటికి భిక్ష రాదు," అన్నాను.

అవ్వ సూది ఆపింది. "భిక్ష అనెటోళ్ళు ఎవలు? మీరు మాకు భిక్షేస్తున్నరా ఏంది?"

అవునంటే మా గంపను ఆమె ఇక గుమ్మం ఎక్కనివ్వదు, ఆ ముఖంలో అది కనిపించింది. కాదంటే, ఆమె పంపేది కూడా భిక్ష కాదు. నేను "కాదు" అన్నాను.

"మరి? మేం సుత ఇచ్చెటోళ్ళమే బిడ్డా. మా మగ్గం మీది చీర కట్టని దొరసాని లేకుండె మా దిక్కు." దారం పంటితో కొరికింది. నా ముఖం వైపు కాసేపు చూసింది. నా చేతి ఎముకల వైపు, మెడ వైపు కూడా. తర్వాత నెమ్మదిగా అన్నది. "మాదొక రివాజున్నది. పండ్ల గంప ఇంటికొస్తే దాని బరువుల సగం బరువు గింజ ఏసి తిప్పి పంపాలె. తక్కువేస్తే ఇంటి ఆడిబిడ్డలకు మంచిది కాదు."

"సగమే ఎందుకు?" అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"పండుల నీళ్ళుంటయి గదా. గింజల నీళ్ళెక్కడివి? నీళ్ళకు సగం తీసెయ్యాలె."

కోడలు తల ఎత్తి అత్త వైపు చూసింది. వెంటనే మళ్ళీ కాజా మీదికి వంగింది. పంతులమ్మ శాల కప్పులో పావురాలను చూస్తున్నది.

తర్వాతి కాలంలో నేను నల్లగొండ వైపు సాలెవాళ్ళను చాలామందిని అడిగాను. దర్జీలుగా, బట్టల దుకాణాల వాళ్ళుగా ఈ ఊళ్ళో స్థిరపడ్డ వాళ్ళు ఎందరో నాకు తెలుసు. అలాంటి రివాజు ఒకటుందని ఒక్కరూ చెప్పలేదు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం, "ఉండొచ్చమ్మా, మంచిగనే ఉన్నది," అన్నాడు.

ఇంటికి వచ్చి నాయనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. పిచ్చుక మాట తప్ప. ఎవరింట్లో ఏ తంతు ఎలా చేయాలో అడగడానికి ఒకప్పుడు నాలుగు ఊళ్ళ నుంచి ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు.

"గట్లాంటి రివాజు నేను వినలేదు," అన్నది. మళ్ళీ ఆమే, "వినలేదంటే లేదని గాదు. ఎవల రివాజు వాళ్ళది. వద్దనుడు తప్పు," అన్నది. కొంచెం ఆగి, "బరువు గంపతోనా, గంప తీసేసినంకనా?" అన్నది.

నేను అది అడగలేదు. "తీసేసినంక," అన్నాను.

"మంచిది. గంప బరువు మీద గింజలు తీసుకుంటే అన్యాయమైతది."

మూట విప్పింది. గింజలు పచ్చివి, ఎవరూ వండినవి కావు కాబట్టి పట్టింపు లేదు. బుధవారం రొట్టెకు తోడు గురువారం కూడా రొట్టె అయింది. గురువారం వ్రతం పూర్తయిందని చెప్పింది. ఎప్పుడు పూర్తయిందో నేను అడగలేదు.

కానీ మరుసటి వారం పండ్లు వేరు చేసేటప్పుడు ఆమె కొత్త పని మొదలుపెట్టింది. బరువైన వాటిని గంపలోంచి తీసేసింది. పంపర పనస ఒక్కటీ లేదు. జామల్లో కూడా చిన్నవి ఏరింది. "బరువు పెంచి గింజలు గుంజుకునేటోళ్ళమా?" అన్నది. ఆ వారం గంప తేలికగా పోయింది, గింజలు కొద్దిగా వచ్చాయి. అది చూసి ఆమెకు నమ్మకం కుదిరింది. నిజంగానే తూచి పంపుతున్నారన్నమాట. నేనూ ఆశ్చర్యపోయాను. అవ్వ తాను చెప్పిన రివాజును తానే పాటిస్తున్నది.

పై వారం పంతులమ్మ వచ్చి, "పోరగాండ్లు పంపర పనస యాది చేసుకుంటున్నరు, దొరసానీ. దాని తొనలతోనే నోటి పుండ్లు మానుతున్నయి," అన్నది. నాయనమ్మ చాలాసేపు గింజుకుని, రెండు పంపర పనసలు వేయించింది. ఆ వారం గింజలు బాగా వచ్చాయి. శుక్రవారం అమ్మవారు కూడా ఒక్కపొద్దు వదిలేసింది.

చలికాలం అలా గడిచింది. నాయనమ్మ బావి దాకా కర్ర లేకుండా నడిచేది. అంతలో మాఘం వెళ్ళింది. జామలు అయిపోయాయి. సీతాఫలం ఆకు రాల్చింది. మామిడి పూత మీదే ఉంది. చెట్ల మీద ఏమీ లేదు. ఒక వారం గంప పోలేదు, రెండో వారం పోలేదు. పోని గంప తిరిగి రాదు కదా. కుండలో గింజలు అడుగంటాయి. ఒక్కపొద్దులు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. ఈసారి పండు కూడా లేని ఒక్కపొద్దులు. నాయనమ్మ నీళ్ళలో బెల్లం కలుపుకుని తాగేది. మళ్ళీ కర్ర చేతికి వచ్చింది.

చింతకు చిగురు వచ్చింది అప్పుడే. దోటితో కొమ్మలు వంచి ఉదయమంతా చిగురు దూశాను. గంప నిండింది. నిండినా పసిపిల్లంత బరువు లేదు.

"పండు పంపే ఇంటోళ్ళం, ఆకు పంపుతమా?" అన్నది నాయనమ్మ.

"చిగురుకు సుత పులుపే గదా నాయనమ్మా. నోటికి మంచిదే."

ఆమె గంపను ఒంటి చేత్తో ఎత్తి చూసింది. అంత తేలికైన దానికి ఎన్ని గింజలు వస్తాయో ఆమెకు తెలుసు. ఒక పిడికెడు. అందుకే పంపనిచ్చింది.

మరునాడు కోడలు గంప దింపింది. దించేటప్పుడు నడుము వంగింది. గంపకు సగం పైగా జొన్నలు ఉన్నాయి.

"ఇదేంది?" అన్నది నాయనమ్మ.

కోడలు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నది. "ఆకుకు బరువు లెక్క కాదంట, దొరసానీ. గంప నిండుడు లెక్కంట. మా అత్త చెప్పి రమ్మన్నది."

కోడలు పోయాక నాయనమ్మ గంప ముట్టుకోలేదు. "రివాజులు పూటకొక తీరుగ మారయి," అన్నది. నేను రొట్టె చేస్తానంటే వద్దన్నది. ఆ రోజు బుధవారం. ఏ దేవుడి పేరూ చెప్పకుండానే పస్తు ఉంది. ఇన్నాళ్ళూ తిన్నది ఏమిటో ఆమెకు తెలిసిపోయిందని, ఇక తినదని నాకు భయం పట్టుకుంది. మరునాడు పొద్దున్నే, "జట్కా పిలువు," అన్నది.

నాన్న పోయాక ఆమె గడప దాటలేదు. జట్కాకు ముందు వెనక చీరలు కట్టించాను. పంజాగుట్ట దాకా వీపు చెక్కకు ఆననివ్వలేదు. గంప ఆమె కాళ్ళ దగ్గర ఉంది, గింజలతో సహా.

శాల ముందు జట్కా ఆగితే అవ్వ ఈసారి లేచింది. మగ్గం పలక ఒకటి కడిగి, తుడిచి, నీడలో వేసింది. నాయనమ్మ దాని మీద కూర్చుంది. అవ్వ ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇద్దరిదీ దాదాపు ఒకటే వయసు. చుట్టూ కాజాలు కుడుతున్న వాళ్ళంతా చేతులు ఆపకుండా చెవులు ఇటు పెట్టారు.

"మీ రివాజు ఎవలు పెట్టిండ్రు?" అన్నది నాయనమ్మ.

"మా అత్త చెప్పింది, దొరసానీ."

"మీ అత్త ఇంకెవలికి చెప్పింది?"

"ఇంకెవలికి చెప్తది? నేనొక్కదాన్నే కోడల్ని."

"ఆకు సంగతి సుత ఆమెనే చెప్పిందా?"

"ఆకు సంగతి నిన్ననే యాదికొచ్చింది."

ఎవరో దగ్గారు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాయనమ్మ నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. గుర్రాల తొట్ల వైపు చూసింది. అందులోంచి ఒక పిల్ల లేచి, చింతచిగురు రెబ్బ ఒకటి నోట్లో పెట్టుకుని, పులుపుకు కళ్ళు మూసి తెరిచి ఆమె వంకే చూస్తున్నది. పెదాల చివర్ల పుండ్లు మానిన మచ్చలున్నాయి. నేను గంప వైపు చూశాను. దాన్ని దింపమని ఇప్పుడు చెబుతుందని, ఇక మా మధ్య రాకపోకలు లేవంటుందని అనుకున్నాను.

"మా ఇంట్ల సుత ఒక రివాజున్నది," అన్నది నాయనమ్మ.

"చెప్పుండ్రి, దొరసానీ."

"గింజ తెచ్చిన ఇంటోళ్ళు మా తోటకు రావాలె. వాళ్ళ చేతులతోనే తెంపాలె. చెట్టు కింద రెండు కుప్పలు పోయాలె. ఒక కుప్ప వాళ్ళది, ఒక కుప్ప మాది. మా అత్త కాలం నుంచి ఉన్నది."

అవ్వ ఆమెను తేరిపార చూసింది. "గట్లనా. మరి ఇన్నొద్దులు మీరే తెంపి పంపితిరి?"

"ఇన్నొద్దులు నాకు యాదికి లేకుండె."

అవ్వ చప్పుడు లేకుండా నవ్వింది. ఒళ్ళంతా కదిలింది. "ముసలితనం," అన్నది. "ఏం చేస్తం. నాకూ గంతే."

మా ఇంట్లో అలాంటి రివాజు ఎన్నడూ లేదు. తెంపినది పంపడమే తప్ప తోటలోకి పరాయి మనిషిని రానిచ్చిన ఇల్లు కాదు మాది. నాయనమ్మ జీవితంలో ఒక ఆచారాన్ని కల్పించి చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. అయినా ఆమె గొంతు వణకలేదు. మా అత్త కాలం నుంచి అన్నప్పుడు నేను కూడా ఒక్క క్షణం నమ్మాను.

జట్కా తిరిగి ఎక్కేటప్పుడు గంప దింపమనలేదు.

మామిడి కాయ ముదిరిన వారంలో శాల ఆడవాళ్ళు వచ్చారు. ముందు గేటు దగ్గరే ఆగిపోయారు. నాయనమ్మ వసారాలోంచి కర్ర చూపి, "వాగు దిక్కు కొమ్మలు ముందుగాల తెంపుండ్రి. కోతులు అటుకెల్లే వస్తయి," అన్నది. అవ్వ చెట్టు కింద నిలబడి కోడలు దోటి పట్టిన తీరుకు వంకలు పెట్టింది. పంతులమ్మ గొడుగు మూసి కుప్పలు పంచింది. ఏ కుప్ప పెద్దదో అని ఇద్దరు ముసలివాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. అవ్వ మా ఇంటి కుప్ప చిన్నదైందంటుంది. నాయనమ్మ శాల వాళ్ళదే చిన్నదంటుంది. చివరికి పంతులమ్మ ఒక కాయ తీసి తన సంచిలో వేసుకుని, "ఇగ రెండూ సమానం," అన్నది.

వాళ్ళు వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను వంటింట్లోకి పోయి జొన్నపిండి కలిపాను. ఆ రోజు ఏ దేవుడిదో నాయనమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. పచ్చిమామిడికాయ తురుము, ఉప్పు, కారం కలిపి విస్తరాకులో రొట్టె పక్కన పెట్టి ఆమె ముందు ఉంచాను. ఆమె ఒక ముక్క తుంచి నమిలింది. ఇంకో ముక్క తుంచింది. ఆకు ఖాళీ అయ్యే దాకా తలెత్తలేదు.

"మందంగ అయింది," అన్నది. "ఇంట్ల ఆడపిల్లవు, రొట్టె సుత రాకపాయె. ఇంకొకటి కాల్చు. ఈసారి జర పలుచగ."